మెలకువగా ఉన్నప్పుడు చెప్పండి

ఎవరో తన మెడలో దండ వేస్తున్నారు.

అంతవరకు ఉదయభాస్కర్‌కి బాగానే తెలుస్తోంది. చల్లటి వేళ్ళు చెవి కింద ఒక్క క్షణం తగిలి వెళ్ళాయి. బయట సన్నగా వాన పడుతోంది. ఎదురుగా లేత నీలం రంగు బట్టల్లో ఒక అమ్మాయి తల వంచుకుని నిలబడింది. ముఖం మాత్రం తడిసిన అద్దం వెనక ఉన్నట్టు చెదిరిపోతోంది. పీటల మీద కూర్చున్నవాడు నోరు మూసుకుని కూర్చోవాలని తెలుసు. అయినా ఉండబట్టలేకపోయాడు.

“దండ బాగుందండి. కాస్త బిగుతుగా ఉంది, అంతే.”

వెనక నుంచి పెద్ద నవ్వు వినబడింది. ఒకరిది కాదు, ఓ ఇరవై మందిది.

కళ్ళు తెరిచాడు. రాజాంలో తను బస్సు నడిపే కాలేజీ. సెమినార్ హాలు. డ్రైవర్లందరికీ హెల్త్ క్యాంపు. తన మెడ చుట్టూ ఉన్నది బట్టలు కొలిచే టేపు. దాని కొసలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతికున్న గడియారం వైపు చూస్తోంది ఆ అమ్మాయి. కోటు మీద ‘విశాలి, స్లీప్ టెక్నీషియన్’ అని రాసి ఉంది.

“మెడ నలభై మూడు సెంటీమీటర్లు,” అందామె. “ఊపిరి ఆగింది ఇరవై రెండు సెకండ్లు.”

“ఎవరికండి?”

“మీకే.”

“నేను పడుకోలేదండి. కళ్ళు మూసుకున్నానంతే.”

“పడుకోకుండానే దండ బాగుందన్నారా?”

మళ్ళీ నవ్వులు. వరసలో వెనక నిలబడ్డ సూరయ్య గట్టిగా దగ్గాడు. అతను ఉదయభాస్కర్ నడిపే బస్సులోనే అటెండరు. యాభై అయిదేళ్ళవాడు.

విశాలి కాగితం ముందుకు లాక్కుంది. “పేరు?”

“ఉదయభాస్కర్.”

ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగింది. “మంచి పేరే పెట్టారు. ఉదయం ఎన్నింటికి లేస్తారు?”

“ఎవరైనా లేపితే అయిదింటికండి.”

“గురక పెడతారా?”

“లేదండి.”

“పగలు అలసటగా, నిద్రమత్తుగా ఉంటుందా?”

“లేదండి.”

“నిద్రలో మీకు ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?”

“లేదండి.”

“చూశారు,” అని ఆమె కాగితం మీద అవును అని రాసుకుంది. “నేనే చూశాను. ఇందాక.”

“మేడమ్, ఆ ఒక్కటీ కొట్టెయ్యండి. బస్సు తోలీవోడిని.”

“బస్సు తోలే మనిషని తెలిసే రాస్తన్నాను. ఏటండి మీరు, అడిగిన ప్రతిదానికీ అబద్ధమేనా?”

అంతవరకు పుస్తకంలో మాటల్లా చక్కగా మాట్లాడిన అమ్మాయి నోట ఆ ‘ఏటండి’ వినగానే, ఎందుకో ఉదయభాస్కర్‌కి కోపం రాలేదు. ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది. తిట్లు పూర్తిగా వినేలోపే రెప్పలు మళ్ళీ బరువెక్కాయి.

*

ఉదయభాస్కర్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. అందులో చివరి నాలుగేళ్ళు ఎలా గడిచాయో అతనికి సరిగ్గా తెలియదు. ఎంతసేపు పడుకున్నా తెల్లారేసరికి రాళ్ళు మోసినట్టు ఒళ్ళు నొప్పులు. లోకమంతా రైలు కిటికీలోంచి మసక వెలుతురులో జారిపోయే ఊళ్ళలా కనబడేది. మేనమామ కూతురి పెళ్ళి ఆల్బంలో పదిహేను ఫొటోల్లో ఉన్నాడు. పదిహేనింటిలోనూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. బొబ్బిలిలో పెళ్ళిచూపులకి తీసుకువెళితే, పెళ్ళికూతురు కాఫీ పట్టుకొచ్చేలోపు సోఫాలో ఒరిగి గురక పెట్టాడు. వాళ్ళు తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు రానేలేదు. కుర్రాడు తాగుతాడని మాత్రం ఎవరో పుట్టించారు. జీవితంలో చుక్క ముట్టనివాడు, అది విని నవ్వి ఊరుకున్నాడు. కోపగించుకోవాలన్నా ఓపిక ఉండాలి కదా.

అతని బస్సు రోజూ రోడ్డు దిగకుండా కాపాడేది సూరయ్యే. పొద్దున్న గరివిడిలో పిల్లల్ని ఎక్కించుకున్నది మొదలు రాజాం చేరేదాకా డ్రైవరు సీటు పక్కన నిలబడి ఆగకుండా మాట్లాడేవాడు.

“ఏటి బావూ, తూగుతన్నావా? ఇటు సూడు. మా కోడలు నిన్న ఏటి వండిందో సెప్తాను, ఇను.”

కోడలి వంటలు అయిపోతే చుట్టాల గొడవలు. అవీ అయిపోతే జేబులోంచి పచ్చిమిరపకాయ తీసి అందించేవాడు.

మే నెలలో ఒకరోజు సూరయ్యకి గొంతు పట్టేసి మాట రాలేదు. ఆ రోజే చీపురుపల్లి దాటాక బస్సు మెల్లగా ఎడమ పక్కకి ఒరిగి, రోడ్డు దిగి, బురదలో కూరుకుని ఆగింది. రెండు గజాల అవతల కాలవ ఉంది. పిల్లలు టైరు పంక్చరనుకున్నారు. అది కాదని తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ సంగతి వాళ్ళు తమలో తాము కూడా మళ్ళీ ఎత్తలేదు.

*

క్యాంపు జరిగిన మూడో రోజు, విశాలి పనిచేసే ఆసుపత్రికి వచ్చి ఒక చిన్న పెట్టె తీసుకువెళ్ళమని ఫోన్ వచ్చింది. పడుకునేముందు ఛాతీకి పట్టీ కట్టుకుని, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు పెట్టుకుని నిద్రపోతే చాలట. ఊపిరి ఎలా నడిచిందో పెట్టె రాసిపెట్టుకుంటుందట. కట్టడం నేర్చుకోవడానికి ఇంట్లోవాళ్ళని ఒకరిని తీసుకురమ్మన్నారు. అతనికున్నది తల్లి చూడామణి ఒక్కర్తే.

ఆవిడ కుర్చీలో కూర్చోగానే విశాలి అడిగింది. “అమ్మా, మీ అబ్బాయి గురక పెట్టడంట కదా?”

“ఎవులు సెప్పేరు తల్లీ?”

“ఆయనే.”

చూడామణి కొడుకు వైపు ఓ చూపు చూసింది. “గురకా, ఒట్టి గురకైతే బాగుణ్ణు. రైస్ మిల్లు నడిసినట్టు నడుస్తాది. నడిసి నడిసి ఉన్నట్టుండి ఆగిపోద్ది. అదిగో, అప్పుడు నా పేనం పోద్ది.”

విశాలి రాయడం ఆపింది. “ఆగినప్పుడు మీరేం చేస్తారమ్మా?”

“ఏటి సేతాను? పక్కగదిలో సెవులొగ్గి కూకుంటాను. లెక్కెడతాను. ఇరవై దాటితే ఎల్లి కదుపుతాను. మల్లీ ఊపిరి అందుకున్నాక కూకుంటాను. మూడేళ్ళయినాది ఇలగ.”

ఉదయభాస్కర్ తల ఎత్తాడు. ఆ మాట అతనెప్పుడూ వినలేదు. అమ్మకి నిద్ర తక్కువ, వయసుతో వచ్చింది అనుకునేవాడు.

“నాకెప్పుడూ చెప్పలేదేటమ్మా?”

“సెప్తే నువ్వూ నిద్దర మానేస్తావు. ఇద్దరం మేలుకుని ఏటి సెయ్యాల?”

 విశాలి తల పక్కకి తిప్పుకుని పట్టీ చిక్కులు విప్పుతోంది. అసలు ఆ పట్టీకి చిక్కులేమీ లేవు.

*

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆమె కంప్యూటరు ముందు అతన్ని కూర్చోబెట్టింది. తెర మీద రంగురంగుల గీతలు.

“ఇది మీ మొన్నటి రాత్రి,” అంది.

అతనికి వింతగా అనిపించింది. తనకే తెలియని తన రాత్రిని ఈ అమ్మాయి ముందే చదివేసింది.

“ఇదిగో, ఇలా పైకీ కిందికీ వెళ్తున్నది మీ ఊపిరి. అలల్లా ఉంది చూడండి. ఇక్కడ చూడండి, అల లేదు.”

నీలం గీత చదునుగా, గాలి లేని రోజు ఉప్పుమడిలో నీళ్ళలా పడుంది.

“నిద్రలో గొంతు కండలు వదులైపోయి దారి మూసుకుపోతోంది. మీ దవడ కాస్త వెనక్కి ఉంది, అదీ ఒక కారణం. ఊపిరాడక మెదడు ఉలిక్కిపడి మిమ్మల్ని కొంచెం లేపుతుంది. మీకు గుర్తుండదు. ఊపిరి వస్తుంది, పడుకుంటారు, మళ్ళీ మూసుకుంటుంది. గంటకి ముప్పై ఎనిమిది సార్లు.”

“అంటే నేను నాలుగేళ్ళుగా నిద్రే పోలేదా?”

“మునిగి తేలుతూ ఉన్నారు. అడుగుదాకా ఎప్పుడూ వెళ్ళలేదు.”

ఆమె గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే అతని నోరు విప్పించింది. చీపురుపల్లి దాటాక ఏం జరిగిందో, కాలవ ఎంత దగ్గరలో ఉందో, పిల్లలు దిగి నవ్వుకుంటుంటే తన చేతులు స్టీరింగ్ మీద నుంచి ఎందుకు రాలేదో అంతా చెప్పాడు. రెండు నెలల తర్వాత గుండెల మీద బరువు దిగినట్టయింది.

విశాలి మాత్రం నిటారుగా కూర్చుంది. “ఈ మాట డాక్టరు గారికి చెప్పారా?”

“లేదండి. మీకే.”

“చెప్పండి. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. మీరు చెప్పకపోతే నేను చెప్తాను.”

“మీరు మనిషిలా వింటున్నారని చెప్పేను.”

“మనిషిని కాబట్టే.”

అతను చెప్పలేదు. ఆమె చెప్పింది.

డాక్టర్ జగన్నాధం గారు నెమ్మదస్తులు. “ఊళ్ళో అందరినీ పట్టుకొచ్చి ఈ పెట్టె కట్టమని నేననను బాబూ,” అన్నారు. “ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి చేస్తే ఎంత మేలో ఇంకా తేలనే లేదు. కానీ నీకు లక్షణాలన్నీ ఉన్నాయి, దాచుకున్నావు. నీ చేతిలో నలభై మంది పిల్లలున్నారు. నిద్రలో ముక్కుకి గాలి అందించే మిషను ఇస్తారు, నెల్లాళ్ళు వాడు. మళ్ళీ చూసి, సరిపడితే స్టీరింగ్ నేనే ఇప్పిస్తాను. అంతవరకు వద్దు.”

మర్నాటి నుంచి గరివిడి బస్సు ఇంకొకరు తీశారు. ఉదయభాస్కర్‌ని షెడ్డులో బస్సులు కడిగించే పనికి వేశారు. సాయంత్రం అతను తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాడు.

“సంతోషమేనా మీకు?”

విశాలి చేతిలో ఉన్న మాస్కు బల్ల మీద పెట్టింది. “బస్సులో నలభై మంది పిల్లలుంటారు. అందరూ వాళ్ళ గురించే అంటారు, నిజమే. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది డ్రైవరు సీట్లో ఉండే మనిషి. మీరు నన్ను ఎన్నయినా అనండి. రేపొద్దున్న అనడానికి మీరుండాలి కదా.”

అతను మిషను సంచి తీసుకుని, కోపంగానే బయటికి నడిచాడు. వర్షంలో సగం దూరం వెళ్ళాక ఆ మాట అర్థమైంది. అయినా వెనక్కి తిరగడానికి అభిమానం అడ్డొచ్చింది.

*

మూడు రోజులు ఆ సంచి విప్పలేదు. నాలుగో రోజు చూడామణే మిషను తీసి మంచం పక్కన పెట్టి, గొట్టం తగిలించింది.

“ఏనుగు తొండంలా ఉంది. నేను పెట్టుకోను.”

“పెట్టుకోకపోతే మానీ. నాను ఇక్కడే కూకుంటాను,” అని ఆవిడ కుర్చీ లాక్కుంది.

పెట్టుకున్నాడు. ముక్కులోకి సన్నటి గాలి వచ్చింది. కొండ మీద నుంచి వచ్చే గాలిలా చల్లగా, ఆగకుండా వస్తూనే ఉంది. ఇలా ఎవడికి నిద్ర పడుతుందని విసుక్కున్నాడు. అంతవరకే గుర్తు.

ఆ రాత్రి ఎన్నేళ్ళకో కలలొచ్చాయి. ముక్కలు ముక్కలుగా కాదు, మొదలూ చివరా ఉన్న కలలు. నౌపడ ఉప్పుమళ్ళ మధ్య గట్టు మీద నడుస్తున్నాడు. రెండు పక్కలా తెల్లగా మెరుస్తోంది. ముందు నీలం బట్టల్లో ఎవరో నడుస్తున్నారు. ఎంత తొందరగా నడిచినా ఆయాసం రావడం లేదు.

కళ్ళు తెరిచేసరికి ఎవరూ లేపలేదు. కిటికీ చువ్వల మీద నీటి చుక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. వీధిలో పాలవాడి సైకిలు గంట, దూరంగా ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. అన్నీ పక్కనే ఉన్నంత తేటగా వినబడుతున్నాయి. తల తేలిగ్గా ఉంది. లేచి కూర్చుని తన రెండు చేతులూ చూసుకున్నాడు.

ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. గడియారం ఆరున్నర చూపిస్తోంది. నాలుగున్నరకే లేచి వాకిలి ఊడ్చే మనిషి ఏమైంది?  పక్కగదిలోకి వెళ్ళి చూశాడు. చూడామణి గోడవైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా నిద్రపోతోంది.

లేపలేదు. టీ పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఏడింటికి ఆవిడ అదిరిపడి లేచింది.

“ఓలమ్మ, తెల్లారిపోనాదా? ఏటైనాదిరా? ఊపిరి... నాకు ఇనబడనేదు.”

“ఆగలేదమ్మా. అందుకే వినబడలేదు. టీ తాగు.”

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది.  కళ్ళు తుడుచుకుని, పంచదార ఎక్కువేశావు అంది.

*

అయిదు రాత్రుల తర్వాత, ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. విశాలి వరండాలో నిలబడి ఎవరో ముసలాయనకి మాస్కు పట్టీలు సర్దుతోంది.

అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తను ఇన్నాళ్ళూ అనుకున్న అమ్మాయి పొడుగ్గా ఉంటుంది. ఈమె తన భుజందాకా వస్తుందేమో. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది.

“మీరు కళ్ళద్దాలు పెట్టుకుంటారా?” అన్నాడు.

“మొదటి రోజు నుంచీ,” అందామె. “తిట్టడానికి వచ్చారా?”

“క్షమించమని అడగడానికి వచ్చేనండి. ఇంకోటి కూడా ఉంది.” గొంతు సవరించుకున్నాడు. “మీరంటే నాకిష్టం.”

ముసలాయన మాస్కులోంచే తల తిప్పి చూశాడు. విశాలి ముఖం ఎర్రబడింది. ఆయన్ని లోపలికి పంపి, వెనక్కి తిరిగింది.

“అది మెలకువగా ఉన్నప్పుడు చెప్పండి.”

“ఇప్పుడు మెలకువగానే ఉన్నానండి.”

“అయిదు రాత్రులు నిద్రపోయారు, అంతే. నాలుగేళ్ళ మత్తు ఇంకా వదల్లేదు. ఎండలోకి కొత్తగా వచ్చినవాడికి ఏది చూసినా మెరుస్తున్నట్టే ఉంటుంది. మొత్తం ముప్పై రాత్రులు కానివ్వండి. అప్పటికీ ఆ మాట మీకు గుర్తుంటే చూద్దాం.”

“గుర్తుంటుందండి.”

ఆమె నవ్వలేదు. కానీ లోపలికి వెళ్తూ తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. ఆ ఒక్క చూపుతో అతను వారం రోజులు బతికాడు.

వారం తర్వాత చెకప్‌కి వెళితే, విశాలి కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది.

“నా పేరు బేబీ అండి. ఇకనుంచి మీ ఫైలు నేనే చూస్తాను.”

“విశాలి గారు?”

“ఆవిడే ఇచ్చీసింది, నన్ను చూసుకోమని.”

పక్కగదిలో విశాలి కనబడింది. తల ఊపింది, అంతే. మళ్ళీ పనిలో పడిపోయింది.

అతనికి లోకం చీకటైంది. మొహం మీద వద్దని చెప్పలేక ఫైలు వదిలించుకుందన్నమాట. అర్థం చేసుకోలేనంత మత్తులో తనిప్పుడు లేడు. అదే వచ్చిన చిక్కు. నిద్రమత్తులో ఉన్నప్పుడు బాధలన్నీ దూదిలో చుట్టినట్టు ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ తెలుస్తోంది.

అయినా మాస్కు మానలేదు. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి బస్సులు తనే కడిగాడు. సూరయ్యకి అంతా చెప్పుకున్నాడు.

“అయితే మానీ. నెల్లాళ్ళు ఆగి మల్లీ అడుగుతావా ఏటి?”

“అడుగుతాను బాబాయ్.”

“ఆ పిల్ల ఒద్దంటే?”

“ఒద్దని ఆమె నోటితో వింటాను. మెలకువగా ఉండి వింటాను.”

ప్రతి వారం చెకప్‌కి వెళ్ళాడు. ప్రతిసారీ దూరం నుంచి ఆమెని చూశాడు. రాసేటప్పుడు నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకోవడం, రాత్రి డ్యూటీ మర్నాడు మెట్ల మీద కూర్చుని బిస్కట్టు టీలో ముంచి అది పడిపోతే వేలితో వెతుక్కోవడం, ఓరోజు ఎవరి రిపోర్టో చదువుతూ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకోవడం చూశాడు. ఇవేవీ అతని కలలో అమ్మాయికి లేవు.

*

ముప్పయ్యో రాత్రి కూడా అయ్యాక, ఒక శనివారం, డాక్టర్ జగన్నాధం గారు మిషను లెక్కలు చూసి తృప్తిగా తల ఊపారు. గంటకి ముప్పై ఎనిమిది సార్లు ఆగిన ఊపిరి రెండుకి వచ్చింది. సోమవారం నుంచి బస్సు తోలుకోవచ్చని కాగితం రాసి ఇచ్చారు.

బేబీ ఫైలు మూస్తూ తల ఎత్తకుండా అంది. “విశాలి మీ ఫైలు ఎందుకిచ్చీసిందో ఎప్పుడైనా అడిగేరా?”

“తెలుసండి. అడగడం దేనికి?”

“మీకేటి తెల్దు. ఎల్లి ఆవిడనే అడగండి. ఈ పాటికి బస్సు కాంప్లెక్సులో ఉంటాది. అయిదింటి బస్సుకి విజయనగరం ఎల్తాది, వాళ్ళ ఇంటికి.”

వాన మొదలైంది. ఉదయభాస్కర్ తడుస్తూ పరిగెత్తాడు. కాంప్లెక్సులో విజయనగరం బస్సు కదలబోతోంది. ఎక్కేశాడు. మూడో వరసలో కిటికీ పక్కన విశాలి, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది.

“కూర్చోవచ్చా?”

“ఆర్టీసీ బస్సు. ఎవరైనా కూర్చోవచ్చు.”

కూర్చున్నాడు. జుట్టు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె సంచిలోంచి చిన్న తువ్వాలు తీసి ఇచ్చింది.

“ఫైలు ఎందుకిచ్చేశారు?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. “ఫైలు నా దగ్గరుంటే మీరు నాకు పేషెంటు. పేషెంటు అడిగే అలాంటి మాటకి నేను జవాబు చెప్పకూడదు. అది తప్పు. ఫైలు నా దగ్గర లేకపోతే...” ఆగింది. “లేకపోతే మీరు ఉదయభాస్కర్.”

తువ్వాలు అతని చేతిలోనే ఉండిపోయింది. “మరి నాకు చెప్పలేదేటండి? ఇన్నాళ్ళూ చచ్చిపోయేను.”

“మీరు అడగలేదు. నేనెలా చెప్తాను? ఏటని చెప్తాను?”

మళ్ళీ ఆ ‘ఏటి’. అతనికి ధైర్యం వచ్చింది.

“మొదట్లో మీరు నాకు చాలా పొడుగ్గా కనబడేవారు. మెలకువొచ్చి చూస్తే పొట్టి. కళ్ళద్దాలు. బిస్కట్టు టీలో పడిపోతే టీ పారబొయ్యరు, వేలెట్టి వెతుకుతారు. ఎవరిదో రిపోర్టు చదివి మీరు ఏడుస్తారు. ఇవన్నీ దూరం నుంచి చూసేను. కలలో కనబడిన అమ్మాయి కంటే ఈవిడే బాగుంది నాకు. మీరంటే ఇష్టం. మెలకువగానే చెప్తన్నాను.”

బస్సు ఊరు దాటింది. వరిమళ్ళ మీద వాన తెరలు తెరలుగా జరుగుతోంది. విశాలి కిటికీ అద్దం మీది ఆవిరి వేలితో తుడిచింది.

“మళ్ళీ చెప్పండి,” అంది చివరికి.

“ఏది?”

“కళ్ళద్దాల దగ్గర్నుంచి.”

మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆమె అతని వైపు తిరిగి వింది.

“నాకు కోపం ఎక్కువ. వారంలో మూడు రాత్రులు డ్యూటీ. ఆ మిషను మీకు చాలా ఏళ్ళు ఉండొచ్చు, బహుశా ఎప్పటికీ. మా ఇంట్లో ఇవన్నీ అడుగుతారు.”

“అడగనివ్వండి. నేనే చెప్తాను.”

ఆమె కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది. “నిన్న రాత్రంతా డ్యూటీ. కళ్ళు మూసుకుపోతున్నాయి. విజయనగరం వచ్చాక లేపుతారా?”

“లేపుతాను.”

అంతే. రెండు నిమిషాల్లో ఆమె తల అతని భుజం మీదకి ఒరిగింది. అతను కదలలేదు. చీపురుపల్లి వచ్చింది, వెళ్ళింది. గరివిడి ఫ్యాక్టరీ పొగ వానలో తడిసి నేలకి దిగింది. నెల్లిమర్ల దగ్గర దీపాలు వెలుగుతున్నాయి. ఒక్క రెప్పపాటు కూడా వదలకుండా ఆ దారంతా చూశాడు. ఆమె ఊపిరి సన్నగా, సమంగా వస్తోంది.

విజయనగరం కాంప్లెక్సులో జనం దిగిపోయారు. లేపాలి. చెయ్యి రాలేదు. అంతలో గొడుగు ముడుస్తూ ఒక పెద్దాయన బస్సెక్కి, సీట్ల మధ్య వెతుక్కుంటూ వచ్చి, మూడో వరస దగ్గర ఆగిపోయారు. భుజం మీద తువ్వాలు, వేళ్ళ చివర వయొలిన్ తీగల కాయలు. వయొలిన్ పాఠాలు చెప్పే అప్పలనరసింహం గారు, విశాలి నాన్నగారు.

ఉదయభాస్కర్ కూర్చున్నచోటే నమస్కారం పెట్టాడు. లేద్దామంటే భుజం మీద ఆమె తల ఉంది.

“ఎవరు బాబూ నువ్వు?”

“ఉదయభాస్కర్ అండి.”

“గరివిడి బస్సా?”

“అవునండి. సోమవారం నుంచి మళ్ళీ నేనే తోలతాను.”

“అయితే ఇయ్యాలకి ముప్పై నిండినాయన్నమాట,” అన్నారాయన నెమ్మదిగా. “మా అమ్మాయి శనివారం శనివారం ఇంటికొచ్చి క్యాలెండర్ మీద ఏడేసి గీతలు గీస్తన్నాది. ఏటమ్మా ఇవంటే పేషెంటు సంగతి నాన్నా అంది. ఫైలు బేబీకి ఇచ్చీసినానన్నావు కదా, ఇంకా పేషెంటేటి అన్నాను. జవాబు లేదు. వాళ్ళమ్మ అడిగితే అప్పుడు సెప్పింది.”

అతనికి కళ్ళు చెమర్చాయి. తను దూరం నుంచి చూస్తూ తిరిగిన అన్నాళ్ళూ ఆమె కూడా రోజులు లెక్కపెట్టుకుంది.

“లేపు బాబూ. బస్సు డిపోలోకి ఎల్లిపోద్ది.”

“విశాలి గారూ,” అన్నాడు. ఆమె కదలలేదు.

“గారూ అంటే లేవదు.”

“విశాలీ.”

ఆమె కళ్ళు తెరిచింది. తండ్రిని చూసింది. తన తల ఎక్కడుందో చూసుకుంది. చటుక్కున తియ్యలేదు. నిదానంగా లేచి కూర్చుని కళ్ళద్దాల కోసం సంచిలో వెతుక్కుంది.

“నాన్నా, ఈయన...”

“తెలిసింది. దిగండి ఇద్దరూ. అబ్బాయీ, భోంచేసి వస్తానని మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. రేపు ఆవిడని కూడా తీసుకునిరా, కూకుని మాట్లాడుకుందాం. అడగాల్సినవి చాలా ఉన్నాయి నాకు.”

“అన్నీ చెప్తానండి.”

బయట వాన ఇంకా తగ్గలేదు. మెట్ల దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. ఉన్నది ఒక్క గొడుగు. అప్పలనరసింహం గారు ఇద్దరినీ ఓసారి చూసి, దాన్ని కూతురి చేతికిచ్చి, తువ్వాలు తలమీద కప్పుకుని తను ముందు నడిచారు.